అర్ధరాత్రి కడుపు నిద్ర లేపుతోందా? అది గ్యాస్ కాకపోవచ్చు

ఈ రోజు టాపిక్ వినగానే కొంచెం నవ్వొస్తుంది, కానీ చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేక గూగుల్‌లో వెతికేది ఇదే. రాత్రిపూట విరేచనాలు.

ముందు ఒక తేడా చూడండి. పదింటికి బిర్యానీ తిని, పదకొండింటికి బాత్రూమ్‌కి వెళ్లారు. ఇది మామూలే. పొట్ట నిండగానే పెద్దపేగు కదులుతుంది. కానీ నిద్రపోయాక ఆ పేగు కూడా బాగా నెమ్మదిస్తుంది, మళ్లీ పొద్దున లేచాకే ఊపందుకుంటుంది. అందుకే గాఢనిద్రలో ఉన్న మనిషిని కడుపు లేపిందంటే పట్టించుకోవాలి. టెన్షన్ వల్ల వచ్చే ఐబీఎస్ లాంటివి పగలంతా సతాయించినా, సాధారణంగా నిద్ర లేపవు.

ఒక్క రాత్రే అయితే తిన్నదో, తాగిన నీళ్లో కారణం. 2018 మార్చిలో మన గుంటూరులో తాగునీళ్లు కలుషితమై డయేరియా ఎలా ప్రబలిందో, ప్రాణాలు ఎలా పోయాయో ఈ చుట్టుపక్కల వాళ్లకి గుర్తుండే ఉంటుంది. అదే వారాల తరబడి రాత్రిళ్లు లేపుతుంటే, రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా పేగుల డాక్టర్‌కి చూపించాల్సిందే. ఏళ్లుగా షుగర్ ఉన్న అమ్మానాన్నల్లో నరాలు దెబ్బతిని కూడా ఇలా అవుతుంది. కొందరికి మెట్‌ఫార్మిన్ బిళ్ల వల్లా అవుతుంది. అలాగని మీరే ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

సరే, ఇప్పుడు రాత్రి రెండయింది. మీరు కొలకలూరులో ఉన్నారు. తెనాలి దగ్గరే, కానీ ఆ టైమ్‌లో ఆటో ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ముందే ఉండాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేసుకుంటే లెక్క తప్పుతుంది. ప్యాకెట్ లేదా? కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ గీటుగా కొలిచి. ఆ పంచదార రుచి కోసం కాదండీ. గ్లూకోజ్ ఉంటేనే పేగు ఉప్పుని బాగా లోపలికి లాగుతుంది, దాని వెనకే నీళ్లు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోతే ఇదే తాగించి ఎంతోమందిని బతికించారు.

షాపులో తియ్యటి టెట్రా ప్యాక్ ఇస్తే మాత్రం వద్దనండి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మజ్జిగ, గంజి తాగొచ్చు.

జ్వరం, రక్తం ఉంటే విరేచనాలు ఆపే బిళ్ల సొంతంగా వేసుకోవద్దు. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు తిరుగుతున్నా, పిల్లలు మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా గుక్క గుక్క తాగిస్తూనే ఉండండి.