విశాల సెన్సారు కెమెరాలకు కటకాల ఎంపిక

చలనచిత్రాన్ని గురించి ముచ్చటించుకొనేటప్పుడు నటీనటులను, దర్శకుని, పాటలను తలచుకుంటాము. కటకాన్ని తలచేవారు అరుదు. మనం నిత్యం లెన్సు అని వ్యవహరించే ఈ వస్తువును ఉర్దూలో అద్సా అంటారు. ఆ మాటకు మూలమైన అరబ్బీ పదం మసూరుపప్పు గింజను సూచిస్తుంది. లాటిను భాషలో లెన్సు అన్న పదానికీ అదే అర్థం. ఇరువైపులా ఉబ్బిన గాజుబిళ్ళను చూచి వేర్వేరు భాషలవారు వంటింటి గింజనే స్ఫురణకు తెచ్చుకొనడం వినోదంగా ఉన్నది.

ఈ విషయం ఎత్తుకొనడానికి కారణం లేకపోలేదు. 1937లో స్థాపితమై, ఒకనాడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరొందిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడినది. శక్కర్‌నగర్‌లో పనిచేసిన కార్మికులు నానాటికీ వృద్ధులవుతున్నారు. వారి ముఖాలను, మాటలను చిత్రించి భద్రపరచవలెనన్న కోరిక మన విద్యార్థులకు కలిగితే ఆశ్చర్యం లేదు. అది ఆలస్యం చేయదగిన పనియూ కాదు. అయితే దానికై కెమెరా కొనవలెనా, కటకాలు కొనవలెనా, బాడుగకు తేవలెనా అన్న ప్రశ్న కళాశాల కమిటీ ముందుకు వచ్చినప్పుడు, విక్రేత మాటను బట్టి కాక లెక్కను బట్టి నిర్ణయించుకొనడం మేలు. వ్యయమయ్యేది విద్యార్థుల రుసుముల ధనమే గదా!

మొదట కొలతలు. ఫిలిం కాలంలో సినిమా చట్రం, అనగా సూపర్ 35 అని పిలిచేది, సుమారు 25 మిల్లీమీటర్ల వెడల్పు, 19 ఎత్తు. నిశ్చల చిత్రాల కెమెరా అదే ఫిలింను అడ్డంగా నడిపి 36 × 24 చట్రాన్ని వాడుకొన్నది. 1954లో పారమౌంట్ సంస్థ ప్రవేశపెట్టిన విస్టావిజన్ కూడా ఫిలింను ఇట్లే అడ్డంగా నడిపినది. నేటి విశాల సెన్సారు కెమెరాలు చాలావరకు ఈ కొలతకు దగ్గరివే. 2018లో వచ్చిన ఆరి అలెక్సా ఎల్ఎఫ్ సెన్సారు 36.70 × 25.54 మిల్లీమీటర్లు. 2014 నాటి అలెక్సా 65 మరింత పెద్దది, 54.12 × 25.58.

తెరను విశాలం చేయాలన్న తపన మన తెలుగువారికి కొత్తది కాదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దానికి ఛాయాగ్రాహకులు వి.ఎస్.ఆర్. స్వామి. 1986 నాటి ‘సింహాసనం’ తొలి 70 ఎం.ఎం. చిత్రం. 2015లో ‘బాహుబలి’ తొలి భాగాన్ని కె.కె. సెంథిల్ కుమార్ అలెక్సా ఎక్స్‌టి కెమెరాతో, మాస్టర్ ప్రైమ్ కటకాలతో చిత్రించారు. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’కు వచ్చేసరికి ఆయనే అలెక్సా ఎల్ఎఫ్‌ను, సిగ్నేచర్ ప్రైమ్ కటకాలను చేపట్టారు. కెమెరాతో పాటు కటకాలు కూడా ఎందుకు మారవలసి వచ్చినది?

కటకం లోపల విసిరే బింబం గుండ్రటిది. సెన్సారు ఆ వృత్తంలో పూర్తిగా ఇమడవలెను. రొట్టె మీద దీర్ఘచతురస్రపు కాగితం పరచినట్లు ఊహించండి. కాగితపు మూలలు రొట్టె అంచు దాటితే అక్కడ ఏమీ లేదు, చీకటే. అలెక్సా ఎల్ఎఫ్ సెన్సారు మూల నుండి మూలకు 44.7 మిల్లీమీటర్లు. మాస్టర్ ప్రైములు ఎంత ఘనమైనవైనా సూపర్ 35 కోసం నిర్మితమైనవి. సిగ్నేచర్ ప్రైమ్, కుక్ ఎస్7, జైస్ సుప్రీమ్ శ్రేణులు సుమారు 46 మిల్లీమీటర్ల వృత్తాన్ని ఇస్తాయి. కావున కొనుగోలుదారు అడగవలసిన మొదటి ప్రశ్న బింబవృత్తం ఎంత అన్నదే. నిశ్చల చిత్రాలకై చేసిన పాత కటకాలు 36 × 24 చట్రాన్ని కప్పేందుకే పుట్టినవి గనుక, బీదవాని పాలిట అవి పెన్నిధి.

ఇక నాభ్యంతరం. సూపర్ 35లో 35 మిల్లీమీటర్ల కటకం చూపే వెడల్పునే ఎల్ఎఫ్‌లో చూపడానికి దాదాపు 52 కావలెను. పెద్ద సెన్సారు దృశ్యపు లోతును మార్చివేస్తుందని కొందరంటారు. అది సరికాదు. దూరపు గొట్టం, దగ్గరి మనిషి ఒకదానికొకటి ఎంత పరిమాణంలో కనబడేదీ కెమెరాను నిలిపిన చోటే నిర్ణయిస్తుంది.

నిజంగా మారేది స్పష్టత గల మేర. ఒకే చోటు నుండి, ఒకే చట్రాన్ని, ఒకే ద్వారంతో తీస్తే పెద్ద సెన్సారుపై ఆ మేర తగ్గిపోతుంది. సూపర్ 35లో 2.8 వద్ద లభించే స్పష్టతకు ఇక్కడ ద్వారాన్ని సుమారు 4కు మూయవలెను. 36 × 24 సెన్సారుపై 50 మిల్లీమీటర్ల కటకంతో 2 మీటర్ల దూరాన కూర్చున్న వృద్ధుని చిత్రిస్తున్నామనుకొందాం. ద్వారం 2 వద్ద స్పష్టత మొత్తం 19 సెంటీమీటర్లు మాత్రమే. పెద్దాయన గతం తలచుకొని కాస్త వెనుకకు వాలితే చాలు, కన్నులు మసకబారుతాయి. 4కు మూస్తే అది సుమారు 39 సెంటీమీటర్లవుతుంది. వెనుకనున్నదంతా మబ్బుగా కరిగిపోవడమే కళ అని నేడు ఒక మోజు ప్రబలినది. శక్కర్‌నగర్ క్వార్టరులో కూర్చున్న మనిషి వెనుక ఆ క్వార్టరే మసకైపోతే, ఏ ఊరిలోనైనా తీసి ఉండవచ్చును గదా! అందుచేత 1.3, 1.5 వంటి అంకెలకై వెచ్చించే సొమ్ము ఈ పనికి వృథా అని నా అభిప్రాయం.

పైగా మన ఎండ సంగతి చూడండి. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు తోటలో, మిట్టమధ్యాహ్నం, సెన్సారు సున్నితత్వం 800 వద్ద, సెకనుకు 24 చట్రాలతో తీస్తే, ద్వారాన్ని 64 దాకా మూయవలసినంత కాంతి ఉంటుంది. అంతగా మూసుకొనే కటకం సామాన్యంగా దొరకదు. 4 వద్ద తీయవలెనంటే ఎనిమిది స్టాపుల ఎన్.డి. ఫిల్టరు, 2 వద్దనైతే పది స్టాపులది, అనగా కాంతిని వెయ్యోవంతుకు తగ్గించేది కావలెను. ఫిల్టరు ఖర్చును కటకం ఖర్చుతో కలిపి లెక్కించవలెనని కమిటీవారు గమనింతురు గాక. సినిమా కటకాలపై ఎఫ్ బదులు టి అంకె ఉంటుంది. ఎఫ్ కేవలం రేఖాగణితం. టి గాజును దాటి నిజంగా చేరిన కాంతి. కటకం మార్చినా వెలుతురు మారకుండుటకు టి అంకె తోడ్పడుతుంది.

బిగింపు విషయం క్లుప్తంగా చెప్పుకొందాం. కటకం కూర్చునే ఉంగరానికి, సెన్సారుకు మధ్య దూరం ప్రతి పద్ధతిలోనూ నిర్ణీతం: పి.ఎల్.కు 52 మిల్లీమీటర్లు, ఎల్.పి.ఎల్.కు 44, నికాన్ ఎఫ్‌కు 46.5, సోనీ ఇ-కి 18. ఎక్కువ దూరపు కటకాన్ని తక్కువ దూరపు కెమెరాకు ఉత్త ఉంగరంతో అమర్చవచ్చును, తిరగవేసి కుదరదు. పాత నికాన్ కటకం సోనీ కెమెరాకు 28.5 మిల్లీమీటర్ల ఉంగరంతో ఒదుగుతుంది, పి.ఎల్. కెమెరాకు ఒదగదు.

నిశ్చల కటకాల లోపాలూ ఉన్నవి. ఫోకసు మార్చేటప్పుడు చట్రం ఉబ్బి తగ్గుతుంది. ఫోకసు ఉంగరం స్వల్పంగానే తిరుగుతుంది; సినిమా కటకంలో దాదాపు 300 డిగ్రీలు తిరిగి, సహాయకుని చేతికి వీలిస్తుంది. వేర్వేరు కాలాల కటకాలు వేర్వేరు వర్ణచ్ఛాయలనిస్తాయి. నిజామాబాదు మార్కెట్ యార్డులో ఒకే పసుపు రాశిని రెండు కటకాలతో తీసి పోల్చితే తేడా ఇట్టే పట్టుబడుతుంది.

కనుక నా సూచన ఇది: 36 × 24 సెన్సారు గల సాధారణ కెమెరా, ఒకే శ్రేణికి చెందిన 35, 50, 85 మిల్లీమీటర్ల చేతి ఫోకసు పాత కటకాలు, మంచి ఫిల్టరు, మిగిలిన సొమ్ముతో మంచి మైకు. సినిమా కటకాలను అవసరమైన నాడు హైదరాబాదు నుండి దినబాడుగకు తెచ్చుకొనవచ్చును.

కొనేముందు కటకాన్ని దీపానికి ఎదురుగా పట్టి బూజు ఉన్నదేమో చూడవలెను. తెల్లని గోడను తీసి మూలల నీడను, గోడకు అంటించిన వార్తాపత్రికను తీసి అంచుల అక్షరాలను పరీక్షించవలెను. చివరకు దూరాన ఉన్న మీనారునో, గోపురాన్నో అనంత దూరపు గుర్తు వద్ద చూడవలెను. అక్కడ స్పష్టత కుదరకపోతే తప్పు కటకానిదే కానక్కరలేదు. ఉంగరం మందం ఎక్కువైనా అట్లే జరుగుతుంది.