బీమా కడితే పన్ను తగ్గునా?

"పాలసీ తీసుకోండి, పన్ను కలిసొస్తుంది." బీమా ఏజెంట్లు సాధారణంగా చెప్పే మాట ఇది. గుమ్మలక్ష్మీపురంలో దుకాణమో ఆటోయో నడుపుకొనే మన కుటుంబాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందో తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. మెడిక్లెయిం పాలసీలు వచ్చిన 1986లోనే దీనిని 80డి సెక్షన్‌గా ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. ఉద్యోగి, సొంత వ్యాపారి అనే భేదం లేదు. తనకు, భార్యకు లేక భర్తకు, తనపై ఆధారపడిన పిల్లలకు కట్టిన ప్రీమియంలో ఏడాదికి 25,000 రూపాయల వరకు ఆదాయం నుండి తీసివేయవచ్చును. తల్లిదండ్రులకు కడితే మరో 25,000. వారికి అరవై నిండితే 50,000.

అయితే ఇది పాత పన్ను పద్ధతి ఎన్నుకొన్నవారికే. 2023-24 నుండి, మనం ఏమీ కోరకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. అందులో ఈ మినహాయింపు లేదు.

ఏడాదికి 6 లక్షల నికరాదాయం గల దుకాణదారుని తీసుకొందాము. 2025-26 లెక్క ప్రకారం కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు పన్ను పడదు గనుక ఆయన కట్టవలసినది ఏమీ లేదు. అదే మనిషి 25,000 మినహాయింపునకు ఆశపడి పాత పద్ధతికి వెళ్తే, వేరే తగ్గింపులు లేనప్పుడు, మిగిలిన 5,75,000 మీద సెస్సుతో కలిపి 28,600 రూపాయలు కట్టాలి! కొరివితో తల గోక్కున్నట్టే గదా.

గిరిజనులకు పన్నే లేదని కొందరంటారు. ఆ సదుపాయం ఈశాన్య రాష్ట్రాలలోని గిరిజన ప్రాంతాలకు, లడఖ్‌కు సంబంధించినది. మన జాతాపు, సవర సోదరులకు అది రాదు. సొంత తోటలో పండిన జీడిపిక్కలు, అనాసపండ్ల మీది ఆదాయానికి పన్ను లేకపోవడం వేరే సంగతి. ఇతరుల దగ్గర కొని అమ్మితే వచ్చేది వ్యాపార లాభమే.

మరి బీమా వద్దా? అట్లనడం లేదు. జబ్బు ముదిరి విశాఖపట్నం తీసుకొనిపోవలసి వస్తే ఆ ఖర్చు ఏ కుటుంబమైనా తట్టుకోగలదా? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకంలో మీ కుటుంబం ఉన్నదో లేదో ముందు చూచుకొనండి. అది చాలదనుకుంటే పాలసీ కొనండి, కాని వైద్యం కోసం కొనండి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జి.ఎస్.టి. తీసివేశారు. ఈ మేలు ఆదాయపు పన్ను కట్టనివారికీ అందుతుంది.

పాత పద్ధతే లాభమని లెక్క తేలినవారు ప్రీమియం చెక్కు ద్వారానో, బ్యాంకు ఖాతా నుండో కట్టాలి. ఏజెంటు చేతికి నగదు ఇస్తే మినహాయింపు రాదు. ముందస్తు ఆరోగ్య పరీక్షలకు మాత్రం, ఆ పరిమితిలోనే 5,000 వరకు, నగదుగా ఇచ్చినా చెల్లుతుంది. రసీదు దాచుకొనండి.