ఆకుపై పాముపొడ: ఎండ పెరిగితే ఎందుకు పెరుగుతుంది? మందు ఎప్పుడు కొట్టాలి?

(మల్చింగ్ షీటు రాయితీ పొందిన వేసవి కూరగాయల రైతుల కోసం)



మీ టమాటా, బీర, చిక్కుడు ఆకుల మీద పాము పాకినట్టు తెల్లటి వంకర గీతలు ఉన్నాయా? అదే పాముపొడ. గీత కనపడగానే చాలామంది స్ప్రేయర్ భుజానికెత్తుతారు. వారం వారం కొట్టినా గీతలు పోవు, డబ్బు మాత్రం పోతుంది. ఎందుకో చూద్దాం.

పాముపొడ ఎలా వస్తుంది?
ఇది తెగులు కాదు, ఒక చిన్న ఈగ పని. ఈగ ఆకు లోపల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకు పొరల మధ్య పచ్చదనం తింటూ పోతుంది. ఎదిగాక బయటికొచ్చి నేలలో పడి ప్యూపాగా మారుతుంది. దాంట్లోంచి మళ్లీ ఈగ వస్తుంది.

ఎండకూ దీనికీ సంబంధం ఏంటి?
వేడి పెరిగే కొద్దీ పురుగు త్వరగా ఎదుగుతుంది. సెలరీ పంటపై జరిగిన పరిశీలనలో గుడ్డు నుంచి ఈగ అయ్యేవరకు పట్టిన కాలం ఇదీ:
• 15 డిగ్రీల దగ్గర 54 రోజులు
• 20 డిగ్రీల దగ్గర 26 రోజులు
• 35 డిగ్రీల దగ్గర 12 రోజులు

అంటే చలిలో ఒక తరం వచ్చే సమయానికి ఎండల్లో నాలుగు తరాలు వచ్చేస్తాయి. అందుకే ఫిబ్రవరి నుంచి వానల్లేని పొడి రోజుల్లో జాగ్రత్తగా ఉండాలి. గట్టి వాన పడితే ఈగలు, నేలలోని ప్యూపాలు కొంత దెబ్బతింటాయి. వాన పడ్డాక వెంటనే మందు కొట్టకండి. రెండు మూడు రోజులు ఆగి, తోట చూసి నిర్ణయించుకోండి.

కొట్టే ముందు ఇలా చూడండి
పురుగు వెళ్లిపోయినా ఆకు మీద గీత అలాగే ఉంటుంది. కాబట్టి గీతల్ని లెక్కపెట్టొద్దు. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టండి. గీత చివర లేత పసుపు పురుగు ఉంటేనే అది బతికున్నట్టు. ఖాళీగా ఉంటే ఆ ఆకుకు మందు దండగ. ఈ పురుగును తినే చిన్న కందిరీగల్లాంటి మిత్ర పురుగులు మన తోటల్లోనే ఉంటాయి. ఘాటు మందులు పదే పదే కొడితే ముందు చచ్చేవి అవే. ఆ తర్వాత పాముపొడ ఇంకా పెరుగుతుంది.

ఏం చేయాలి?
• నాటిన మొదటి వారాల్లో రోజు విడిచి రోజు ఆకులు చూడండి. లేత మొక్కకే నష్టం ఎక్కువ.
• పురుగున్న అడుగు ఆకులు తుంచి కాల్చేయండి. గట్టు మీద పారేయొద్దు.
• పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి.
• బతికున్న పురుగులు కనిపిస్తే 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పూట కొట్టండి.
• మల్చింగ్ షీటు చిరగకుండా చూసుకోండి. దాని మీద పడిన పురుగు మట్టిలోకి దిగలేక ఎండకు చచ్చే అవకాశం ఎక్కువ.

అప్పటికీ తగ్గకపోతే పురుగున్న ఆకులు కవర్లో వేసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఉద్యాన సిబ్బంది చూసి చెప్పిన మందే, చెప్పిన మోతాదులోనే వాడండి. షాపులో ఇచ్చిందల్లా కలిపి కొట్టొద్దు.

ఈ కాగితాన్ని మీ ఊరి రైతుల గ్రూపులో పంపండి. ఫోన్ లేనివాళ్లకు చదివి వినిపించండి.