గోబర్ గ్యాసును శుద్ధిచేయు విధము

గోబర్ గ్యాసు తొట్టిగల మన సంఘ సభ్యులలో కొందరు ఆ వాయువును పొయ్యికి మాత్రమేగాక నీరుతోడు ఇంజనుకుగూడ వాడవచ్చునా యని మమ్ము ప్రశ్నించుచున్నారు. వాడవచ్చును. కాని తొట్టినుండి వెలువడిన వాయువును వెలువడినట్లే ఇంజనులోనికి పంపుట తగదు. అప్పుచేసి కొన్న ఇంజనును ఇట్లు నడిపిన యొక రైతు పొలమున, రెండేండ్లు నిండకమునుపే లోపలి రాగి మిశ్రమపు బేరింగులు నల్లబడి తినివేయబడుటను మేము చూచితిమి. ఇంజను చెడినను అప్పు వాయిదాలు ఆగవు గదా! కావున ఈ విషయమును సభ్యులు ముందుగానే తెలిసికొనుట మేలు.

పేడ నీటిలో కుళ్లినప్పుడు పుట్టు వాయువు ఒకే పదార్థము గాదు. నూటికి 55 మొదలు 60 పాళ్లవరకు మీథేను ఉండును. మండునది ఇదియే. తక్కినదానిలో అధికభాగము బొగ్గుపులుసు వాయువు. ఇది మండదు, ఇంజనుకు పెద్దహాని చేయదు. వీనితోపాటు నూటికి ఒక పాలైనను లేని హైడ్రోజన్ సల్ఫైడు అను గంధకపు వాయువు కలదు. కుళ్లిన గ్రుడ్డు వాసన దీనిదే. వెండి కడియములను నల్లపరచునదియు ఇదియే. తడితో గూడి ఇది లోహమును కొరుకును. మండినపిమ్మట గంధకామ్లముగా మారి మరింత కొరుకును.

మురికి వాయువును రసాయనములతో కడుగుట నేటి విద్య గాదు. లండను నగరమున 1812లో రాజశాసనముతో నొక కంపెనీ యేర్పడి, బొగ్గును కాల్చి తీసిన వాయువును గొట్టములద్వారా వీధి దీపములకు పంపసాగెను. ఆ వాయువునందును ఈ గంధకపు దుర్గంధమే యుండెను. మొదట దానిని సున్నముగుండ పంపి శుద్ధిచేసిరి. గంధకము పోయెను గాని, వాడిన సున్నమే దుర్గంధభరితమై ప్రజలకు బాధయయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ సున్నమునకు మారుగా ఇనుప తుప్పును వాడ నారంభించిరి. ఆ వాయువునందలి అమ్మోనియాను గంధకామ్లములో పట్టి అమ్మోనియం సల్ఫేటుగా చేసిరి. రైతులు ఎరువుగా చల్లు ఆ తెల్లని పలుకులు మొట్టమొదట వాయువును కడుగగా మిగిలిన మురికియే! నేటికిని విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున కోకు బట్టీల వాయువునుండి ఈ ఎరువును తీయుచున్నారు. రామగుండమువంటి యూరియా కర్మాగారములలో, వాయువునుండి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువునే అమ్మోనియాతో గూర్చి యూరియా చేయుదురు.

మన తొట్టికి కావలసినది ఆ ఇనుప తుప్పు పద్ధతియే. గంధకపు వాయువు తడి తుప్పును తాకినంతనే అందలి గంధకము ఇనుముతో కలిసి నిలిచిపోవును; మీథేను ఏ మార్పును లేక ముందునకు సాగును. లేతు పనివారివద్ద దొరకు ఇనుప రజనును సోడానీటితో కడిగి జిడ్డు పోగొట్టి, తడిపి గాలికి ఆరవేయుచు, ఎఱ్ఱగా తుప్పు పట్టువరకు ఉంచవలయును. దానిని వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టుతోను, కొలదిపాటి సున్నముతోను కలిపి, ఒక డ్రమ్ములో వదులుగా నింపవలయును. గట్టిగా కూరినచో వాయువు పోజాలదు. వాయువు అడుగున ప్రవేశించి పైన వెలువడునట్లు గొట్టములు అమర్చవలయును. సరకు తడిగా నుండవలయును గాని నీరు నిలువరాదు. అతుకులు కారుచున్నవేమో సబ్బునీటితో చూడవలయునే గాని అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు.

ఎంత తుప్పు కావలయును? 1 కిలో పేడనుండి ఇంచుమించు 40 లీటర్ల వాయువు వచ్చును గావున, దినమునకు 125 కిలోల పేడ వేయువారికి 5 ఘనపు మీటర్లు లభించును. 5 గుఱ్ఱపు శక్తుల ఇంజను రెండు గంటలు నడచుటకు ఇది సరిపోవును. డీజిలు ఇంజనైనచో వాయువుతోపాటు కొంత డీజిలును వాడక తప్పదు. వాయువులో వెయ్యింటికి 2 పాళ్లు గంధకపు వాయువున్నదనుకొనిన, దినమునకు సుమారు 13 గ్రాముల గంధకపు వాయువు వచ్చును. దానిని పట్టుటకు 21 గ్రాముల తుప్పు కావలయును. ఆ లెక్కన 2 కిలోల తుప్పు మూడు మాసములు రావలయును. ఆచరణలో అందు సగము కాలమునకు మించి ఆశింపరాదు. తుప్పు పని తీరినదో లేదో తెలియుటకు, తోమిన చిన్న వెండి ముక్కను వెలువడు వాయువునకు చూపుడు. అది నల్లబడినచో సరకు మార్చవలసిన కాలము వచ్చెనని యెరుగుడు.

నల్లబడిన సరకును గాలికి ఆరబెట్టినచో గంధకము విడివడి తుప్పు తిరిగి ఎఱ్ఱనగును. రెండు మూడు పర్యాయములు మరల వాడుకొనవచ్చును. కాని ఇచ్చటనే గొప్ప అపాయము కలదు. గాలి తగిలినప్పుడు ఆ సరకు వేడెక్కును. ఎండి కుప్పగానున్నచో దానంతట అదియే అంటుకొనును. కావున ముందుగా వాయువు మర దిగించి, సమీపమున నిప్పు లేకుండ చూచి, సరకును నీటితో బాగుగా తడిపి, గడ్డివాములకును పాకలకును దూరముగా బయలునేలపై పలుచగా పరువవలయును. ఇంజను ఆపవలసిన పని లేకుండ రెండు డ్రమ్ములుంచుకొని మార్చి మార్చి వాడుట ఉత్తమము. బొత్తిగా పనికిరాని సరకును బావులకును పశువుల రేవులకును దూరముగా పాతిపెట్టవలయును.

బొగ్గుపులుసు వాయువును గూడ సున్నపునీటితో తీయవచ్చునా యని కొందరడిగిరి. తీయవచ్చును గాని, 1 ఘనపు మీటరు వాయువునకు 1 కిలో 200 గ్రాముల చల్లార్చిన సున్నము ఖర్చగును. పొయ్యికిని ఇంజనుకును అది దండుగ. వాహనములకై వాయువును నొక్కి సిలిండర్లలో నింపువారికి మాత్రము నూటికి 90 పాళ్లకు తక్కువగాని మీథేను కావలయును. వారు ఎక్కువ ఒత్తిడిగల నీటితోనో, అమీనులను ద్రవములతోనో కడుగుదురు. 1930లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ అమీనుల పద్ధతియందు, ద్రవము చల్లగానున్నప్పుడు మురికి వాయువులను పీల్చి, వేడిచేయగా విడిచిపెట్టును; అదే ద్రవమును మరల మరల వాడుదురు. ఇది కర్మాగారముల పనియే గాని పెరటి పని గాదు.

తుదిగా ఒక్కమాట. గంధకపు వాయువు అధికమైనచోట ముక్కు మొద్దుబారి, వాసన తెలియకుండ పోవును. వాసన లేదుగదా యని తొట్టిలోనికిగాని మూసిన పేడ గుంటలోనికిగాని ఎవ్వరును దిగరాదు. ఒకడు పడిపోయినచో అతనిని తీయుటకు రెండవవాడు అట్లే దిగుట మరియు ప్రమాదము. ఇంజను చెడిన మరల కొనవచ్చును, ప్రాణమును కొనజాలము. ఈ మాటను ఇంటిలోని పిల్లలకును పాలేర్లకును నేడే చెప్పుడు.