రాతి మీద చెట్టు: చిత్తూరు ఎండకు తట్టుకునే బోన్సాయ్ ఎలా కట్టాలి?

చిత్తూరు: పాత మిద్దె పిట్టగోడ, వాడకం లేని బావి, మసీదు మినార్ పగులు.. ఎక్కడ పిట్ట రెట్ట పడితే అక్కడ ఒక రావి మొక్కో, జువ్వి మొక్కో మొలుస్తుంది. అక్కడ గుప్పెడు మట్టి కూడా ఉండదు. అయినా ఆకులు పచ్చగానే ఉంటాయి. మదనపల్లె, పలమనేరు వైపు బస్సులో వెళ్తుంటే ఏనుగంత గుండ్ల మధ్య నుంచి ఇలాంటి చెట్లే లేచి కనిపిస్తాయి. ఆ దృశ్యాన్నే చిన్నది చేసి, మిద్దె మీద ఒక పళ్లెంలో పెట్టుకుంటే అది రాతి బోన్సాయ్ అవుతుంది.

కానీ వేలు పోసి కొన్న రాతి బోన్సాయ్ ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోవడం మామూలే. 'ఎండ ఎక్కువైంది', 'మా చేతికి మొక్కలు అచ్చిరావు' అని ఊరుకుంటారు. అసలు కారణం వేరే ఉంటుంది. చూసేవాళ్ల కళ్లు కొమ్మల మీద, రాయి మీద ఉంటాయి. చెట్టు ప్రాణం మాత్రం వేరు చివరన ఉంటుంది. ఆ వేరుకి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ముందే ఆలోచించి కట్టినదే మన ఎండకు నిలుస్తుంది. అందం సంగతి ఆ తర్వాత.

రెండు పద్ధతులు, రెండు రకాల కష్టం

చెట్టునీ రాయినీ కలిపే కళ మొదట చైనాది. క్రీ.శ. 706 నాటి ఒక చైనా యువరాజు సమాధి గోడ మీద, రాళ్లూ చిన్న మొక్కలూ ఉన్న పళ్లెం పట్టుకుని వెళ్తున్న సేవకురాలి బొమ్మ ఉంది. తర్వాత జపాన్‌వాళ్లు దీన్ని ఒక పద్ధతిలో పెట్టి రెండు రకాలుగా విడదీశారు.

మొదటిది సెకిజోజు. చెట్టు రాయి మీద కూర్చుంటుంది, దాని వేళ్లు రాతిని పట్టుకుని కిందికి దిగి పళ్లెంలోని మట్టిలోకి వెళ్తాయి. అంటే చెట్టు నీళ్లు తాగేది మట్టిలోంచే.

రెండోది ఇషిత్సుకి. చెట్టు రాతి గుంటలోనో పగుల్లోనో ఉన్న కొద్దిపాటి మట్టిలోనే బతుకుతుంది. వేళ్లు కిందికి రావు. పళ్లెంలో ఇసుకో, నీళ్లో మాత్రమే ఉంటాయి. ఒకే రాతి మీద మూడు, ఐదు చిన్న చెట్లు నాటి కొండలా చూపించేది ఈ పద్ధతిలోనే.

చూడ్డానికి రెండోది ముచ్చటగా ఉంటుంది. కానీ చిత్తూరు, తిరుపతి ఎండలో గుప్పెడు మట్టి ఒక్క మధ్యాహ్నంలో ఆరిపోతుంది. ఒక రోజు నీళ్లు మరిస్తే చాలు, చెట్టు మళ్లీ తేరుకోదు. అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి పద్ధతితోనే చెయ్యి తిప్పుకోవడం మంచిది. అది నిలిచాక రెండోదాని జోలికి వెళ్లొచ్చు.

చెట్టు కోసం కొండ ఎక్కొద్దు

కొండ మీద గిడసబారిన పాత చెట్టు కనిపిస్తే పెకిలించి తెచ్చుకోవాలనిపిస్తుంది. రెండు కారణాల వల్ల ఆ పని చేయకూడదు.

ఒకటి, చట్టం. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా మొక్క తెచ్చినా, రాయి తెచ్చినా నేరమే. ఎర్రచందనం సంగతి చెప్పనక్కర్లేదు. 'చిన్న మొక్కే కదా' అన్న మాట అక్కడ చెల్లదు.

రెండోది, పగుల్లో ఉన్న చెట్టు వేరు ఎంత లోతుకి పోయి ఉంటుందో పైకి తెలియదు. లాగితే చేతికొచ్చేది మొద్దు మాత్రమే, నీళ్లు తాగే సన్న వేళ్లన్నీ రాతిలోనే తెగిపోతాయి. ఏళ్ల తరబడి బతికిన చెట్టు ఇంటికొచ్చి వారంలో పోతుంది.

దానికంటే మన గోడల మీద మొలిచిన మొక్కలే నయం. వాటిని ఎలాగూ పీకేయాల్సిందే, లేకపోతే గోడ పగులుతుంది. వాన పడ్డ మర్నాడు, పగులు తడిగా ఉన్నప్పుడు, పాత స్క్రూడ్రైవర్‌తో చుట్టూ సున్నం గీకి మెల్లగా తీస్తే వేళ్లతో సహా వస్తాయి. జువ్వి, రావి, మర్రి, మేడి, కొండరావి.. ఇవన్నీ ఒకే కుటుంబం. వీటి వేళ్లకి రాతిని పట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. రావి, మర్రి ఆకులు పెద్దవి కాబట్టి చిన్న రాతి మీద బాగుండవు, పెద్ద రాయికి తీసుకోవాలి. చిన్న రాయైతే నర్సరీల్లో దొరికే చిన్నాకు ఫైకస్ సరిపోతుంది.

చింత ఆకు చాలా చిన్నది, బోన్సాయ్‌కి బాగా కుదురుతుంది. కాకపోతే దానికి తల్లివేరు జోరెక్కువ. మొలకగా ఉన్నప్పుడే తల్లివేరు చివర కత్తిరిస్తే పక్కవేళ్లు వస్తాయి. కాగితం పూల చెట్టు వేళ్లు పెళుసు, వంచితే విరుగుతాయి. జేడ్ మొక్క రాతిని కరుచుకోదు గానీ తక్కువ నీళ్లతో బతుకుతుంది కాబట్టి రాతి గుంటలో పెట్టడానికి పనికొస్తుంది.

రాయి ఎలాంటిది?

ఈ ప్రాంతంలో రెండు రకాల కొండలున్నాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు గ్రానైట్ జాతి కొండలు, గుండ్లు గుండ్లుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. తిరుమల కొండల పై భాగం క్వార్ట్‌జైట్, అడ్డంగా పొరలు పొరలుగా, గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న తీరు బయటికే కనిపిస్తుంది. భూగర్భ శాఖ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది.

బోన్సాయ్ కట్టేవాళ్లు ఈ రెంట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. గుండ్రటి గుండు మీద వేళ్లు నాలుగు వైపులా దిగే ఒంటి చెట్టు బాగుంటుంది. పొరల రాయైతే అంచుల మీద చిన్న చెట్లు వరసగా కాకుండా ఎడంగా పెట్టి కొండ చరియలా చూపించొచ్చు. రెండు రకాల రాళ్లు ఒకే పళ్లెంలో కలిపితే అతుకులబొంతలా ఉంటుంది. ఒకే రకం రాళ్లు రెండుమూడు వాడినా వాటి గీతలన్నీ ఒకే వైపు పోవాలి.

క్వారీల దగ్గర పారేసిన గ్రానైట్ ముక్కల్లో, ఇల్లు కట్టేచోట మిగిలిన రాళ్లలో కావలసినవి దొరుకుతాయి, అడిగి తెచ్చుకోవచ్చు. పాలిష్ చేసింది పనికిరాదు, వేరు జారిపోతుంది. గరుగ్గా ఉండి, పైనుంచి కిందికి గాడులున్న రాయి కావాలి. చెట్టు కూర్చోవడానికి పైన చిన్న పల్లం ఉంటే మరీ మంచిది. పొడిపొడిగా రాలే రాయి వద్దు, వేరు పట్టుకున్నాక అది విరిగితే పనంతా పోతుంది. సముద్రపు రాళ్లలో ఉప్పు ఉంటుంది, వాటి జోలికి పోకూడదు.

కట్టే విధానం

1. వేళ్లు పొడవు చేయడం: నాలుగంగుళాల పీవీసీ పైపు అడుగున్నర ముక్క తీసుకుని, నిలువుగా రెండు చీలికలు చేసి మళ్లీ తీగతో కట్టాలి. ఇసుక ఎక్కువ, పశువుల ఎరువు తక్కువ కలిపి నింపి, మొక్కని పైన నాటాలి. నీళ్లు కిందికి దిగుతుంటే వేళ్లు వాటి వెంటే పోతాయి. దాదాపు ఏడాది ఇలా వదలాలి. చీలికలు చేసేది ఎందుకంటే, తర్వాత వేరు తెగకుండా పైపు విప్పొచ్చు.

2. కడగడం: జూన్, జూలైలో వానలు పడ్డాక పైపు విప్పి వేళ్లని బకెట్ నీళ్లలో కడగాలి. ఆకులు సగం తీసేయాలి. కోసినచోట పాలు కారతాయి, కళ్లలో పడకుండా పిల్లల్ని దూరంగా ఉంచాలి.

3. కూర్చోబెట్టడం: రాయిని బాగా తడిపి, గాడుల్లో చెరువు మట్టి ముద్ద పూయాలి. చెట్టుని పల్లంలో పెట్టి, ఒక్కో వేరుని ఒక్కో గాడిలోకి దింపాలి. వేరు చివరలు రాయి అడుగు కంటే కనీసం రెండంగుళాలు కిందికి ఉండాలి. వేరు పొట్టిదైతే తొందరపడకుండా మళ్లీ పైపులోకే పంపాలి.

4. కట్టడం: తడిపిన నూలు గుడ్డ పేలికలతో బిగించి, పైన పాలిథిన్ పట్టీ చుట్టాలి. రాగి తీగ వేళ్ల మీద వాడితే అవి లావెక్కేటప్పుడు కోసుకుంటుంది.

5. పాతిపెట్టడం: అడుగున కన్నాలున్న లోతైన కుండీలో రాయితో సహా చెట్టు మెడ వరకు పూడ్చాలి. ఒక ఏడాది నీళ్లు పోయడం తప్ప ఇంకేం చేయకూడదు. 'పట్టుకుందా లేదా' అని తవ్వి చూసినవాళ్లు పట్టుకున్న వేరుని తామే ఊడదీస్తారు. ఇక్కడ కావలసింది సబర్ ఒక్కటే.

6. బయటపెట్టడం: ఏడాది తర్వాత పైనుంచి నెలకో అంగుళం చొప్పున మట్టి తీస్తూ రావాలి. వెలుతురు తగిలిన వేరు మెల్లగా బెరడు కట్టి గట్టిపడుతుంది. ఒక్కసారిగా అంతా తీస్తే సన్న వేళ్లు మాడిపోతాయి. అడుగు వరకు వచ్చాక మూడు, నాలుగంగుళాల లోతున్న పళ్లెంలోకి మార్చొచ్చు.

ఇషిత్సుకి చేయాలనుకుంటే రాతి గుంటల పక్కన సన్న తీగ ముక్కల్ని ఎం-సీల్‌తో అతికించి, ఆరాక వాటితో మొక్కల్ని కట్టాలి. చెరువు మట్టి, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపిన ముద్దతో గుంట చుట్టూ గట్టు కట్టి, పైన నాచు పరవాలి. గుంటలో నీళ్లు నిలవకుండా కన్నం ఉండాలి.

కొండలా కనిపించాలంటే

చెట్టు రాయి కంటే పొట్టిగా ఉంటే రాయి కొండలా కనిపిస్తుంది. చెట్టే పొడవుంటే అదే రాయి గుండులా కనిపిస్తుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. రాయి పళ్లెం నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉండాలి, అడుగు కొంత మట్టిలో దిగి ఉండాలి. లేకపోతే తెచ్చి పెట్టినట్టే ఉంటుంది. చెట్లు ఎక్కువైతే బేసి సంఖ్యలో, వేర్వేరు ఎత్తుల్లో నాటాలి. బొమ్మలు, రంగు గులకరాళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది.

మొదటి ఎండాకాలం

గ్రానైట్ ఎండని మింగి సాయంత్రం దాకా వదలదు. వేరుకి దెబ్బ తగిలేది అక్కడే. మార్చి నుంచి జూన్ దాకా పగటి ఎండ పడకుండా యాభై శాతం షేడ్ నెట్ కిందకి మార్చాలి. ఫజర్ తర్వాత ఒకసారి, అసర్ తర్వాత ఒకసారి నీళ్లు పోస్తే అలవాటు తప్పదు. మిట్టమధ్యాహ్నం కాలిన రాతి మీద నీళ్లు పోయకూడదు. తడి గోనెసంచి రాతికి చుట్టి ఉంచితే వేడి తగ్గుతుంది. బోరు నీళ్లలోని సున్నం రాతి మీద తెల్లమచ్చలు కడుతుంది, వాన నీళ్లు పట్టి ఉంచుకున్నవాళ్లకి ఆ బాధ లేదు.

పెళ్లికో పండక్కో ఊరెళ్తే పక్కింటివాళ్లకి అప్పజెప్పడమే మేలు. రెండు రోజులే అయితే నీడలో, రెండంగుళాల నీళ్లున్న టబ్బులో పెట్టి వెళ్లొచ్చు. అదే టబ్బులో వారాల తరబడి ఉంచితే వేరు కుళ్లుతుంది.

చెట్టుని ఆకలితో మాడ్చి పొట్టి చేస్తారన్న మాట నిజం కాదు. కొమ్మనీ వేరునీ కత్తిరించడం వల్లే అది చిన్నగా ఉంటుంది. వానాకాలమంతా పదిహేను రోజులకోసారి పలచటి ఎరువు నీళ్లు ఇవ్వాలి. ఆకలిగా ఉన్న చెట్టు ఎండాకాలం దాటదు.

కళ్లారా చూడాలంటే

కట్టేముందు పెరిగిన బోన్సాయ్‌లు చూసి రావాలనుకునేవాళ్లకి దగ్గర్లో బెంగళూరు లాల్‌బాగ్ ఉంది. అందులో బోన్సాయ్ తోట ఉంది. అక్కడి గుట్ట సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఆ తోటని 1760లో మొదలుపెట్టించింది హైదర్ అలీ. ఆయన 1782 డిసెంబర్ 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో. తోట చూసొచ్చేలోపు మిద్దె మీద ఒక పైపులో జువ్వి మొక్క నాటి ఉంచితే, వచ్చే వానలకి దాని వేళ్లు రాతికి సిద్ధంగా ఉంటాయి.