చేపలో పారవేయదగినదేది? పారవేయరానిదేది?

అంగడిలో బొచ్చెనో శీలావతినో కోయించునప్పుడు “తల వద్దు, ముక్కలు చాలు” అను గృహిణులు పట్టణములలో ఎక్కువగుచున్నారు. తల, ముల్లు, తోలు, పొలుసు చెత్తబుట్టలోనికి పోవును. తప్పక పారవేయవలసిన చేదుతిత్తిని మాత్రము కొందరు మధుమేహమునకు మందని అడిగి తీసికొనిపోవుదురు. ఇంతకంటె తలక్రిందుల వ్యవహారము మరొకటి లేదు.

చరకసంహిత మత్స్యమాంసమును గురువు, ఉష్ణము, మధురము, బలకరము, వాతహరము అని చెప్పుచునే, బహుదోషకరమని కూడ హెచ్చరించినది. మాంసము పోగా మిగిలిన భాగములను సైతము మన వైద్యులు విడువలేదు. సముద్రఫేనమన్న పేరేగాని అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ అను సముద్రజీవి దేహములోని తెల్లని పెంకు. శంఖము, ముత్యపుచిప్ప, గవ్వ భస్మములును అట్టివే. వీనిలో ప్రధానద్రవ్యము కాల్షియం.

ఇదే పనిని నేడు యంత్రములతో చేయుచున్నారు. భీమవరము, కాకినాడ, విశాఖపట్టణము ప్రాంతములలో రొయ్యలను శుద్ధిచేయునప్పుడు తల, పెంకు తీసివేసినచో బరువులో ఇంచుమించు 40 శాతము వ్యర్థమగును. ఆ పెంకును పలుచని ఆమ్లముతోను, పిదప క్షారముతోను శుద్ధిచేయగా కైటిన్ మిగులును. గాఢక్షారముతో కాచిన అదియే కైటోసాన్ అగును. గాఢ ఆమ్లముతో విడగొట్టిన గ్లూకోసమిన్ వచ్చును. చేపతోలు, పొలుసుల నుండి కొల్లాజెన్, ముల్లు నుండి కాల్షియం పొడి తీయుదురు. 1957లో స్థాపింపబడిన కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ ఇట్టి పద్ధతులను రూపొందించినది.

వ్యర్థమునకు విలువ కలుగుట మంచిదే. కాని డబ్బా మీది మాటలన్నియు నమ్మరాదు. గ్లూకోసమిన్ వలన కీళ్లనొప్పి కొందరికి తగ్గును, కొందరికి ఏమియు తగ్గదు. కైటోసాన్‌తో తగ్గు బరువు స్వల్పము. రొయ్యలు పడనివారు వైద్యుని అడుగక వీనిని వాడరాదు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారికి గ్లూకోసమిన్ ప్రమాదకరము. శాకాహారులు డబ్బాపై గుర్తును చూచి కొనవలెను. చేప కొల్లాజెన్‌ను పాలలో కలిపి త్రాగుట నాకు సమ్మతము కాదు; పాలు శీతవీర్యము, చేప ఉష్ణవీర్యము, ఈ రెండింటి కలయికను చరకుడు విరుద్ధాహారముగా చెప్పెను. నీటిలో కలుపుకొనుటకు అడ్డేమున్నది?

ఇంటిలో ఇంత ఖర్చు అక్కరలేదు. బొచ్చె తలను తెచ్చి, మొప్పలను పూర్తిగా తీసివేసి, ఉప్పు పసుపులతో రుద్ది కడుగవలెను. అల్లము, మిరియాలు, జీలకర్ర నూరి వేసి, కొంచెము చింతపులుసుతో సన్నని సెగపై ఉడికించిన చారు నీరసించినవారికి హితము. ఆకలి మందగించినవారికి మాత్రము పలుచగా, కొద్దిగా ఈయవలెను. అయితే ముల్లు ఉడికిన నీటిలోనికి కాల్షియం బాగుగా దిగునను నమ్మకము సరికాదు, దిగునది చాల కొద్ది. ముల్లును నమిలి మ్రింగినప్పుడే అది దేహమునకు అందును. కనుక నెత్తళ్ల వంటి చిన్నచేపలను ముల్లుతో తినుట మేలు. కవళ్లను పులుసుతో ప్రెషర్ కుక్కరులో బాగుగా ఉడికించినచో వాని ముల్లు మెత్తబడును. పసిపిల్లలకు ముల్లు తీసియే పెట్టవలెను. ఎండునెత్తళ్లలో ఉప్పు అధికము గనుక రక్తపోటు గలవారికి అవి తగవు.

ఇక చేదుతిత్తి. కాలేయమును అంటియుండు ఈ పచ్చని తిత్తి మధుమేహమును, ఉబ్బసమును పోగొట్టుననియు, చూపు పెంచుననియు ఒక అపోహ. రసశాస్త్రములో కొన్ని ఔషధములకు మత్స్యపిత్తముతో భావన చెప్పబడిన మాట నిజము. అది ఔషధనిర్మాణములో ఒక సంస్కారమేగాని, తిత్తిని తిత్తిగా మ్రింగుమని ఆజ్ఞ కాదు. శీలావతి, బొచ్చె, గడ్డిచేప జాతుల పిత్తములో సైప్రినాల్ సల్ఫేట్ అను విషమున్నది. ఉడికించినను అది నశింపదు. మూత్రపిండములు దెబ్బతిని డయాలిసిస్ వరకు పోయినవారి వృత్తాంతములు మనదేశపు వైద్యపత్రికలలో కలవు. మూత్రపిండములు ముందే బలహీనపడిన మధుమేహరోగి దీనిని మ్రింగుట ఎంత సాహసమో ఊహించుకొనవచ్చును.

చేపను కోయువానితో తిత్తి పగులకుండ తీయుమని ముందే చెప్పవలెను. పగిలినచో పచ్చబారిన ముక్కను కోసి పారవేసి, మిగిలినదానిని బాగుగా కడుగవలెను. ఎవరైనను మ్రింగియున్నచో కొన్ని గంటలలో వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలుగును. మూత్రము తగ్గుట ఒకటి రెండు దినముల తరువాతగాని తెలియదు. వాంతులు ఆగినవి గదా అని ఊరకుండక, గృహవైద్యములతో కాలయాపన చేయక, డయాలిసిస్ సౌకర్యము గల ఆసుపత్రికి తీసికొనిపోయి, ఏ చేప తిత్తిని ఎప్పుడు మ్రింగినదియు వైద్యునికి దాచక చెప్పవలెను.