చూపిన గాజే చేతికివ్వాలి

బోరబండలో మా ఇంటి ముందుగది చాలా చిన్నది. ఉదయం పిల్లలు బడికి వెళ్లిన తరువాత కిటికీ ప్రక్కన ఒక బల్ల వేస్తే అదే మా స్టూడియో. చార్మినార్ దగ్గర లాడ్‌బజార్‌లో కొన్న లక్కగాజులు, ఇంట్లో చేసిన పట్టుదారపు జుంకాలు ఆ బల్లమీద పెట్టి, దగ్గరనుండి ఫోటోలు తీసి, తెలిసినవారి ఫోన్లకు పంపి అమ్ముకొంటున్నాము. ఇంటి అద్దెలో కొంత భాగం ఆ బల్లమీదనుండే వస్తుంది.

మొదటి సంవత్సరంలో ఒక పొరపాటు చేశాము. ఎర్రగడ్డనుండి ఒక తల్లి తన కూతురి నిశ్చితార్థానికి గాజులు అడిగింది. రాత్రి పసుపుపచ్చని బల్బు క్రింద ఫోటో తీసి పంపాము. గాజులు ముందురోజు సాయంత్రం ఆమెకు చేరాయి. వెంటనే ఫోన్ వచ్చింది. "అక్కా, ఫోటోల బంగారు రంగు రాళ్లుండె, ఇవైతే తెల్లగున్నయి. రేపే ఫంక్షన్. ఇప్పుడు నేనెక్కడ తేవాలె?" మా దగ్గర జవాబు లేదు. డబ్బు తిరిగి ఇచ్చాము. ఆ అమ్మాయి ఎవరివో అరువు గాజులు వేసుకొని పీటలమీద కూర్చున్నదట.

మేము అబద్ధం చెప్పలేదు, నిజమే. కాని మా ఫోటో చెప్పింది. పగటి వెలుతురుతో పోలిస్తే పాతకాలపు బల్బు వెలుగులో పసుపు, ఎరుపు ఎక్కువ. అందులో తెల్లరాయి బంగారపు రాయిగా కనిపిస్తుంది. ఆనాటినుండి పగలు కిటికీ వెలుగులోనే తీస్తున్నాము. గాజుల ప్రక్కన ఒక తెల్లకాగితం ముక్క పెడతాము. ఫోటోలో కాగితం తెల్లగా ఉంటే గాజు రంగునూ నమ్మవచ్చు. కాగితం పచ్చగా కనబడితే ఆ ఫోటో ఎవరికీ పంపము.

వెలుగు సూటిగా పడినా కష్టమే. లక్కగాజుకు అతికించిన ప్రతి అద్దపు రాయీ ఎదుట ఉన్నదానినల్లా చూపిస్తుంది. కిటికీ ఊచలు, ఫోను, చివరకు మనం కట్టుకొన్న ఎర్రచీర కూడా అందులో కనబడతాయి. అందుకే కిటికీకి పలుచని ట్రేసింగ్ కాగితం అంటించాము. వెలుగు మెత్తబడి నాలుగు వైపులా పరచుకొంటుంది. నీడ పడే వైపు తెల్ల అట్టముక్క నిలబెడితే చీకటి తగ్గుతుంది. వేడెక్కే పెద్ద దీపాలు మాత్రం దగ్గర పెట్టకూడదు. చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. వేడి తగిలితే అది మెత్తబడుతుంది. నిప్పు సెగమీద దానిని సాగదీసి, వంచి, ఒక్కొక్క రాయి చేత్తో అద్దే ఈ పనికే 2024లో హైదరాబాదు లక్కగాజుల పేరిట భౌగోళిక గుర్తింపు లభించింది. అంత ఓపికగా చేసిన వస్తువును తొందరపడి ఫోటో తీయడం న్యాయం కాదు.

మరీ దగ్గరకు వెళ్లకండి. వస్తువుకు కెమెరా దగ్గరయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ముందు రాయి తేటగా ఉంటే వెనుక రాయి మసకబారుతుంది. ఫోనును గాజుకు ఆనించినంత దగ్గరగా పెడితే ముందుభాగం ఉబ్బినట్టు కూడా ఉంటుంది. కొంచెం వెనుకకు జరిగి, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, చేయి కదలకుండా టైమరుతో తీయడం మేలు. పెద్ద కెమెరా ఉన్నవారు లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి లోతు పెంచుకొంటారు. లేదా వేర్వేరు చోట్ల ఫోకస్ చేసి అనేక ఫోటోలు తీసి, వాటిని కంప్యూటరులో ఒక్కటిగా కలుపుతారు.

దగ్గరి ఫోటో చెప్పలేనిది ఒకటుంది. అది కొలత. నిజాం నగలలోని జాకబ్ వజ్రం 184.75 క్యారట్లు, అంటే దాదాపు 37 గ్రాములు. దాని ఫోటోనూ ముక్కుపుడక రాయి ఫోటోనూ ఒకే సైజులో అచ్చువేస్తే, ఏది ఎంతో చూసేవారికి తెలియదు. గాజు సంగతీ అంతే. 2-4 సైజు అంటే లోపలి కొలత రెండు అంగుళాలు, ఆపైన పదహారింట నాలుగు వంతులు, అంటే సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 అయితే సుమారు 60. ఆ మూడు మిల్లీమీటర్లు ఫోటోలో కనబడవు కాని, చేతికి ఎక్కించేటప్పుడు తెలుస్తాయి. కాబట్టి పిల్లల స్కేలును గాజు లోపల అడ్డంగా పెట్టి మరొక ఫోటో తీస్తాము.

చివరి ఫోటో లోపాలది. రాయి ఊడినా, లక్క కొంచెం పగిలినా అదే చోటును దగ్గరగా తీసి పంపుతాము. "ఇది ఉన్నది, చూచుకోండి" అంటాము. కొందరు వద్దంటారు. కొందరు ధర తగ్గించమని అడిగి తీసుకొంటారు. వస్తువు తిరిగి రావడం మాత్రం బాగా తగ్గింది.

ఇంటిపట్టున ఉండి ఇటువంటి చిన్న వ్యాపారం చేసే సోదరీమణులు మనలో ఎందరో ఉన్నారు. ఖరీదైన కెమెరా లేదని దిగులు పడకండి. కిటికీ, తెల్లకాగితం, అట్టముక్క, స్కేలు ఉంటే చాలు.

ఎర్రగడ్డ తల్లి మళ్లీ మా దగ్గర కొనలేదు. కాని ఏ ఫోటో పంపబోయినా ఒక్క క్షణం ఆగి, ఇది ఆమెకే పంపుతున్నామనుకొని చూచుకొంటాము.